రోడ్డెక్కరాని బండి

అనంతగిరి కొండల చుట్టూ రిసార్టులు వెలసిన తరువాత వికారాబాద్ జిల్లా పల్లెలకు ఒక కొత్త బండి పరిచయమైంది. లావుపాటి టైర్లు, మోటారు సైకిలు హ్యాండిలు, నాలుగు చక్రాలు గల ఈ వాహనాన్ని క్వాడ్ బైకు అనీ, ఏటీవీ అనీ అంటారు. సెలవు రోజుల్లో పట్నం నుంచి వచ్చినవారు డబ్బు కట్టి ఎర్రమట్టిలో నాలుగు చుట్లు తిరిగి వెళ్లిపోతారు. చూసిన పల్లె కుర్రకారుకు దానిమీద మనసు పోవడం సహజం. అయితే భూమి అమ్మిన డబ్బు చేతిలో ఉన్నది కదా అని బేరానికి దిగేముందు ఇంటి పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొట్టమొదటి సంగతి, ఈ బండికి రోడ్డు మీద చోటు లేదు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదు. బహిరంగ స్థలమంటే తారు రోడ్డు ఒక్కటే కాదు. ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న ఊరి బాట, చెరువు కట్ట కూడా అందులోకే వస్తాయి. స్పోర్ట్ క్వాడ్‌లు రోడ్డు వాడకానికి ఆమోదం పొందినవి కావు గనుక వాటికి నంబరు దొరకదు. నంబరు లేకుండా తిప్పితే మొదటిసారి రెండు వేల నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా. బీమా లేకపోవడం మరో నేరం. జరిమానా మాట అటుంచినా, ఎదురువచ్చిన మనిషికి దెబ్బ తగిలితే నష్టపరిహారం మొత్తం బండిగలవాడే కట్టుకోవాలి. ఒక ఎకరం అమ్మి కొన్న బండి ఇంకో ఎకరాన్ని మింగడానికి ఒక్క ప్రమాదం చాలు.

2021లో పోలారిస్ కంపెనీ ఒక ఏటీవీని ట్రాక్టరు తరగతిలో ఆమోదింపజేసి రోడ్డు అనుమతితో విడుదల చేసిన మాట నిజమే. కాని అది లాగుడుకు, తోట పనికి ఉద్దేశించిన బండి. దానిని చూపి పందెపు బండికి కూడా నంబరు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మరాదు.

రెండవ సంగతి, బండి కట్టుబడి. ట్రాక్టరు నడిపేవారికి డిఫరెన్షియల్ లాక్ తెలుసు. అది వేసి గట్టి నేల మీద మలుపు తిప్పితే బండి ఎలా మొరాయిస్తుందో కూడా తెలుసు. స్పోర్ట్ క్వాడ్‌లో వెనుక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. అంటే ఎప్పుడూ లాక్ వేసినట్లే. వదులు మట్టిలో చక్రం కొంత జారి మలుపు తిరుగుతుంది. తారు మీద అలా జారదు. బండి తిరగబడే ప్రమాదం ఉంది. యమహా రాప్టర్ 700 వంటి పెద్ద బండి దాదాపు రెండు క్వింటాళ్ల బరువు తూగుతుంది. అది మీద పడితే లేపడం ఒక మనిషి వల్ల కాదు.

సీటు పొడుగ్గా ఉన్నది గదా అని వెనుక మరొకరిని ఎక్కించుకోవడం ఇంకొక పొరపాటు. మలుపులో నడిపేవాడు శరీరాన్ని ముందుకు, వెనుకకు, పక్కకు వంచడం కోసమే ఆ పొడవు. వెనుక మనిషి కూర్చుంటే ఆ వీలు పోతుంది.

అమెరికాలో ఈ బండ్లు మొదట మూడు చక్రాలతోనే వచ్చాయి. 1970లో హోండా మొదలుపెట్టిన ఆ రకం ఎందరినో బలిగొన్న తరువాత, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు కంపెనీలు వాటి అమ్మకం మానుకున్నాయి. నాలుగో చక్రం వచ్చినంత మాత్రాన ప్రమాదం తొలగిపోలేదు. పదహారేళ్ల లోపువారు పెద్ద బండి ఎక్కరాదని, రెండో మనిషిని ఎక్కించరాదని, తారు రోడ్డు మీద నడపరాదని కంపెనీలే బండి మీద హెచ్చరిక అంటిస్తున్నాయి. ఆ రాత ఇంగ్లీషులో ఉండడం వల్ల మన పల్లెల్లో దానిని చదివేవారు తక్కువ. మన చట్టం కూడా తక్కువ తినలేదు. 2019 సవరణ ప్రకారం మైనరు రోడ్డు మీద బండి నడిపి నేరం చేస్తే తండ్రికి గాని, బండి యజమానికి గాని మూడేళ్ల జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు.

మూడవది, కొన్న తరువాతి ఖర్చు. దుమ్ములో తిరిగే బండి గనుక గాలి వడపోసే ఫిల్టరును తరచుగా కడిగి నూనె పట్టించాలి. ఆ దుమ్ము లోపలికి పోతే ఇంజను అరిగిపోతుంది. చెయినుకు ఆయిలు, ఇరుసు బేరింగులకు తనిఖీ తప్పవు. టైర్లలో గాలి ఐదు పౌండ్లకు అటూ ఇటూ మాత్రమే ఉండాలి. పంక్చరు షాపులో మోటారు సైకిలుకు పట్టినట్లు పడితే బండి బంతిలా ఎగురుతుంది. చౌకగా దొరికే విదేశీ చిన్న బండ్లకు విడి భాగాలు దొరుకుతాయా అన్నది బేరానికి ముందే అడగాలి. హెల్మెట్టు, బూట్లు, చేతి తొడుగులు విడిగా కొనాలి. లక్షలు పోసి బండి కొని హెల్మెట్టు దగ్గర వెనుకాడితే, ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లే.

ఇంతకూ ఈ బండి ఎవరూ కొనరాదని కాదు. సొంతంగా కంచె వేసిన మెట్ట భూమి ఉండి, నేర్పేవాడు ఉండి, ట్రాలీలో ఎక్కించి తెచ్చుకోగల స్తోమత ఉన్నవాడు కొనుక్కోవచ్చు. అద్దెకు తిప్పి బతుకుదామనుకునే యువకులను కూడా తప్పుపట్టనక్కరలేదు. కాని తాడు లాగితే ఇంజను ఆగే స్విచ్ లేని బండిని, హెల్మెట్టు లేని మనిషిని మైదానంలోకి వదలడం వ్యాపారం అనిపించుకోదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం అసలే తగదు.

రవాణా, పోలీసు, పర్యాటక శాఖల అధికారులు ఇకనైనా అద్దె మైదానాలను తనిఖీ చేయాలి. వయసు, హెల్మెట్టు, ఒక బండికి ఒక మనిషి అన్న నియమాలను తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టించాలి. అమ్మేవారు బండికి నంబరు రాదన్న సంగతి రసీదు మీద రాసి ఇచ్చేటట్లు చూడాలి. ప్రమాదం జరిగిన తరువాత విచారణలు జరిపే బదులు ఈ చిన్న పని ముందే చేయడం మేలు. కొనేవారు మాత్రం ధర అడిగేముందు, దానిని నడపడానికి తమకు చోటెక్కడ ఉన్నదో చూసుకోవాలి. ఆ చోటు లేనివాడికి ఆ బండి వద్దు.