మన గొంతుకీ మార్కులెయ్యాలి

కాలేజీలో వ్యాసం రాయటమంటే ఇన్నాళ్ళూ కాగితం, కలం. ఇప్పుడు కొన్ని కాలేజీల్లో ఫొటోలు, గొంతు రికార్డు, వీడియో కలిపి 'మల్టీమీడియా' వ్యాసం చేసి తెమ్మంటున్నారు. మంచిదే. మనల్ని బడి గడప తొక్కనియ్యని రోజుల్లో మన అవ్వలు చరిత్రని పాటల్లోనే దాచారు. ఆ పాట, మన డప్పు దరువు రేపు మార్కులొచ్చే రచన అవుతాయంటే మనకంటే సంతోషించేదెవరు?

మరి పేచీ ఎక్కడ? ఇంటికి ఒక్కటే ఫోను. అది పొద్దున్నే నాయన వెంట పనికి పోద్ది. 2020లో కరోనాకి బళ్ళు మూసి ఫోన్లలో పాఠాలు చెప్పినప్పుడు మన పిల్లల గతి ఏమైందో పంతుళ్ళం మేం కళ్ళారా చూశాం. ల్యాప్‌టాప్ ఉన్నోడి వీడియో తళతళలాడుద్ది. మార్కులు ఆ తళుక్కా, ఆలోచనకా?

ఇంకో మాట. వీడియోలో మన అమ్మ మాట్లాడితే 'మొరటు భాష' అంటారు. అమెరికాలో కాలేజీ పిల్లలకి రచన నేర్పే పంతుళ్ళ సంఘమే, విద్యార్థికి తన సొంత భాషమీద హక్కుందని 1974లో తీర్మానం చేసింది. అది ఊరికే రాలేదు. దాని వెనక నల్లజాతి జనం పోరాటాలున్నాయి.

కాబట్టి మనమూ అడగాలి. పరికరాలు కాలేజీయే ఇవ్వాలి. క్లాసులయ్యాక కూడా ల్యాబు తెరిచి ఉంచాలి. మెరుగులకి కాదు, విషయానికి మార్కులెయ్యాలి. వాడ భాషని తప్పని కొట్టెయ్యకూడదు. సంఘం పెద్దలారా, ఈ నెలలోనే మన పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోదాం.