బాలాపరాధులును శిక్షయు

తప్పు చేసిన బాలునకు శిక్షయే వలదని యెవ్వరును జెప్పరు. ఆ శిక్ష వానిని దిద్దవలెనా, చెఱుపవలెనా యనునదే ప్రశ్న.

మన దేశమున 2000 సంవత్సరపు బాలన్యాయ శాసనము 18 ఏండ్లు నిండని వారి నందఱను బాలురుగనే యెంచెను. 2012లో ఢిల్లీ నగరమున జరిగిన ఘోరకృత్యమున నేరస్థులలో నొకడు 18 ఏండ్లు నిండనివాడు. ప్రజలకు గలిగిన క్రోధము సహజమే. ఆ క్రోధము చల్లాఱకమునుపే 2015 సంవత్సరపు శాసనము పుట్టెను. దాని ప్రకారము, 16 ఏండ్లు నిండిన బాలునిపై ఏడేండ్లకు దక్కువగాని శిక్షగల ఘోరనేరము మోపబడినచో, బాలన్యాయ మండలి మూడు మాసములలో వాని మనశ్శక్తిని, నేరఫలము నెఱుంగు శక్తిని బరీక్షింపవలెను. పిమ్మట వానిని పెద్దవానివలె విచారింప బంపవచ్చును. మరణశిక్షను, విడుదలకు దావులేని యావజ్జీవశిక్షను మాత్రము శాసనము నిషేధించినది.

ఏడాది పొడవున నా యెదుట గూర్చుండు బాలుని మనస్సే నాకు బోధపడదు. మూడు మాసములలో నెవ్వరు దాని లోతు చూడగలరు? నేను ఉద్యోగమున జేరిన తొలియేట, పుస్తకము దొంగిలించిన యొక బాలుని తరగతి యెదుట దొంగయని పిలిచితిని. మఱునాటినుండి వాడు బడికి రాలేదు. పుస్తకము దొరకెను, బాలుడు దొరకలేదు.

బాధితుల దుఃఖమును మఱువరాదు. అయినను 18 ఏండ్లలోపు వారి నందఱను బాలన్యాయ మండలియే విచారించి, చదువును, చేతిపనిని నేర్పు గృహముల నుంచుట మేలు. మొక్కగా నున్నపుడే వంచవలెనని పెద్దలనిరి, విఱువవలెనని యనలేదు.