జింక ముక్కుకు బొగ్గు ముసుగు

నవంబరు మధ్యలో మిషిగన్‌లోనో విస్కాన్సిన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఫోన్ చేసి ఆఫీసు కబుర్లు అడిగి చూడండి. 'మావాళ్లు చాలామంది సెలవులో ఉన్నారు' అంటారు. పండక్కి కాదు, పెళ్లికీ కాదు... జింకల వేటకి! మిషిగన్‌లో తుపాకీ వేట ఏటా నవంబరు 15న మొదలవుతుంది. ఆ రోజు కొన్ని ఊళ్లలో బడులకే సెలవు ఇచ్చేస్తారు. విస్కాన్సిన్‌లో అయితే తొమ్మిది రోజుల జాతర. ఐదారు లక్షల మంది లైసెన్సులు కొనుక్కుని అడవుల్లోకి వెళ్లిపోతారు.

మనకిది విడ్డూరంగానే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇక్కడ జింక మీద చెయ్యేస్తే జైలే. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకల్ని చంపారన్న కేసు ఓ హిందీ హీరోని దశాబ్దాల తరబడి కోర్టుల చుట్టూ తిప్పింది. అమెరికాలో లెక్క వేరు. 1900 ప్రాంతంలో అక్కడ తెల్లతోక జింకలు ఐదు లక్షలకు పడిపోయాయని అంచనా. ఇప్పుడు దాదాపు మూడు కోట్లు! వాటిని తినే తోడేళ్లు చాలాచోట్ల లేకుండా పోయాయి. దాంతో జింకలు పెరట్లో మొక్కలు మేసేస్తాయి, రాత్రిపూట కార్లకు అడ్డం పడతాయి. అందుకని ఏ జిల్లాలో ఎన్నింటిని కొట్టొచ్చో ప్రభుత్వమే లెక్క కడుతుంది. తుపాకులు, తూటాల మీద వేసే పన్నును 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చుపెడతారు. కొట్టిన జింక ఫ్రీజర్లోకి వెళుతుంది. ఒక్కటి దొరికితే చలికాలమంతా ఇంటిల్లిపాదికీ కూర. అక్కడి పల్లెల్లో ఇది సరదా ఒక్కటే కాదన్నమాట.

సరే, సెలవు దొరికింది, లైసెన్సు వచ్చింది, తుపాకీ ఉంది. మరి అడ్డమేమిటి? జింక ముక్కు!

జింక కంటిని మోసం చేయడం కష్టమేమీ కాదు. ఎరుపు, నారింజ రంగులు దానికి సరిగా తెలియవు. అందుకే వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా కళ్లు జిగేల్‌మనే నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్నా జింక పట్టించుకోదు. (మన పులి అంత పసుపు చారలతో దుప్పుల మధ్య ఎలా దాక్కుంటుందా అని ఎప్పుడైనా అనిపించిందా? కారణం ఇదే. దుప్పి కంటికి పులి కూడా గడ్డి రంగే.) కదలకుండా కూర్చుంటే చెవినీ మోసం చేయొచ్చు. ముక్కు దగ్గరే వస్తుంది చిక్కంతా. జింక ఊరికే నాలుకతో ముక్కు తడుపుకుంటూ ఉంటుంది చూడండి, తడి ముక్కుకు వాసన కణాలు బాగా అంటుకుంటాయి. అసలు వాటి సంసారమంతా వాసనల మీదే. కాళ్ల మీదా, గిట్టల మధ్యా, కళ్ల పక్కనా, నుదుటి మీదా గ్రంథులుంటాయి. ఎవరు వచ్చి వెళ్లారో, ఎంతసేపయిందో, ఆడదో మగదో అన్నీ వాసనతోనే చదువుకుంటాయి. అనుమానం వస్తే ముందుకాలితో నేల తన్నుతుంది. ఆ తన్నుడుకి గిట్టల మధ్య గ్రంథి వాసన నేలకు అంటుకుంటుంది. తర్వాత వచ్చే జింకకి అదో హెచ్చరిక బోర్డు. ఇక బుస్సుమని ఊదిందంటే తెల్లతోక జెండాలా లేస్తుంది, చుట్టుపక్కల ఉన్నవన్నీ మాయం.

మనిషో? నడిచే వాసనల మూట. చెమట, దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు, నిమిషానికి వేల లెక్కన రాలిపోయే చర్మపు పొలుసులు, తలకు రాసుకున్న నూనె, పొద్దున తాగిన కాఫీ... అన్నీ గాలిలో కలుస్తూనే ఉంటాయి.

వ్యాపారి కన్ను పడింది సరిగ్గా ఇక్కడే. 1990ల మొదట్లో మిషిగన్‌లోని సెంట్‌లాక్ అనే కంపెనీ వేట దుస్తుల్లో బొగ్గు పెట్టింది. మామూలు బొగ్గు కాదు, 'యాక్టివేటెడ్ కార్బన్'. దీంట్లో మనకు తెలియనిదేమీ లేదు. కొబ్బరి చిప్పలు కాల్చి, ఆవిరితో అత్యధిక వేడి మీద ఉడికిస్తే బొగ్గులో కంటికి కనిపించని కోట్ల కొద్దీ రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రాల గోడలన్నీ చాపలా పరిస్తే ఒక్క గ్రాము బొగ్గు పావు ఎకరం అవుతుంది! మీ వంటింట్లో నీళ్ల ఫిల్టరులో నల్లటి గొట్టం ఉంటుందే, అందులో ఉండేదీ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికుల ఊపిరితిత్తుల్ని కాపాడింది కూడా ఇదే. 1918లో అమెరికా ప్రభుత్వం పీచ్ పండ్ల టెంకలు పారేయొద్దు, మాస్కులకు కావాలి అని ఇంటింటికీ చెప్పి మరీ పోగు చేసింది.

గ్యాస్ మాస్కులో పనిచేసినది చొక్కాలో పనిచేయదా? ఒంటి నుంచి వచ్చే వాసనని బట్టలోని బొగ్గు పట్టేస్తుంది, జింకకు ఏమీ తెలియదు, బొగ్గు నిండిపోతే బట్టల్ని డ్రయర్‌లో వేసి తిప్పితే మళ్లీ కొత్తదవుతుంది... ఇదీ ప్రచారం. వేటగాళ్లు ఎగబడి కొన్నారు. చొక్కా, ప్యాంటు, టోపీ అన్నీ కలిపితే వందల డాలర్లు. పెద్ద పెద్ద దుకాణాలు కూడా సొంత పేర్లతో అమ్మడం మొదలెట్టాయి.

ఇందులో ఎంత నిజముందో చూద్దాం. బొగ్గు వాసనని పట్టుకుంటుందన్నది అక్షరాలా నిజం. పేచీ మూడు చోట్ల ఉంది. ఒకటి, మాస్కులో గాలి తప్పనిసరిగా బొగ్గు గుండానే రావాలి, పక్కదారి లేదు. చొక్కాకి మెడ ఉంది, చేతులున్నాయి, అడుగు అంచు ఉంది. మంచె ఎక్కుతుంటే ఒంటి వేడికి లోపలి గాలి కొలిమితిత్తిలా ఈ సందుల్లోంచి బయటకు తన్నుకొస్తుంది. పైగా మనిషి ఊపిరి వదలాలి కదా! నోటికి బొగ్గు సంచి కట్టుకుని గంటల తరబడి కూర్చునేవాళ్లు తక్కువ.

రెండు, బొగ్గుకి మన వాసన, పరాయి వాసన అన్న తేడా లేదు. కారులో పెట్రోలు వాసన తగిలితే దాన్నీ పట్టేస్తుంది, హోటల్లో వేపుడు వాసన తగిలితే దాన్నీ పట్టేస్తుంది. అడవికి చేరేసరికి సగం సీట్లు నిండిపోయిన బస్సులాంటిదన్నమాట.

మూడోది అసలైనది. డ్రయర్. ఫ్యాక్టరీల్లో వాడిన బొగ్గుని తిరిగి కొత్తదిగా చేయాలంటే 800 డిగ్రీలకు అటూ ఇటూగా కాల్చాలి. ఇళ్లలో బట్టలారబెట్టే డ్రయర్ వేడి అరవయ్యో డెబ్భయ్యో డిగ్రీలు. ఆ వేడికి తేలిగ్గా ఎగిరిపోయే వాసనలు కొన్ని పోతాయి. గట్టిగా పట్టుకున్నవి కదలవు. 800 దగ్గర బట్టేమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈ లెక్కలు వేసుకున్న కొందరు మినెసోటా వేటగాళ్లకు ఒళ్లు మండింది. 2007లో కంపెనీ మీదా, అమ్మిన దుకాణాల మీదా దావా వేశారు. 'వాసనని నిర్మూలిస్తుందని చెప్పి అంటగట్టారు' అన్నది ఫిర్యాదు. 2010లో జిల్లా ఫెడరల్ జడ్జి రిచర్డ్ కైల్ వాళ్లవైపే మొగ్గారు. వాసన తగ్గొచ్చు గానీ పూర్తిగా పోదని రెండు పక్షాల నిపుణులూ ఒప్పుకున్నారు కాబట్టి 'నిర్మూలన' అనడం అబద్ధమే అన్నారు. డ్రయర్‌తో మళ్లీ కొత్తదవుతుందన్న మాటనూ కొట్టేశారు. అలాంటి ప్రకటనలు ఆపమన్నారు. వేటగాళ్లు పండగ చేసుకున్నారు.

పండగ ఏడాదే. 2011లో పైకోర్టు ఆ తీర్పును తిరగేసింది. 'నిర్మూలన' అన్నంత మాత్రాన నూటికి నూరుపాళ్లూ అనే అర్థమే తీసుకోనక్కర్లేదు, ఆ ప్రకటనల్ని పచ్చి అబద్ధమని తేల్చడం కుదరదు అంది. నిషేధం ఎత్తేసింది.

న్యాయశాస్త్రం మాటెలా ఉన్నా, నాకు మాత్రం కింది కోర్టు మాటే ఇంటి భాషకి దగ్గరగా కనిపిస్తుంది. దోమల్ని నిర్మూలిస్తుందని చెప్పి అమ్మిన చుట్ట వెలిగించాక గదిలో పది దోమలు మిగిలితే మనం షాపువాణ్ని ఏమంటాం? 'నిర్మూలన అంటే కొంచెం తగ్గడం లెండి' అని సర్దుకుంటామా?

కోర్టు సంగతి వదిలేసి కుక్కల దగ్గరికి వద్దాం. జాన్ షివిక్ అనే వన్యప్రాణి శాస్త్రవేత్త 2002లో ఒక ప్రయోగం ఫలితాలు అచ్చు వేశారు. తప్పిపోయిన మనుషుల్ని వెతకడంలో తర్ఫీదు పొందిన కుక్కల్ని తెచ్చారు. కొందరికి బొగ్గు దుస్తులు తొడిగీ, కొందరికి తొడక్కుండానూ దాచి వెతకమన్నారు. దుస్తులున్నా లేకపోయినా కుక్కలు దాదాపు అందర్నీ పట్టేశాయి. పట్టడానికి పట్టిన సమయంలో తేడా తెచ్చింది ఎక్కువగా వాతావరణం. గాలిలో తేమ, పీడనం, గాలి నిలకడగా వీస్తోందా లేదా అన్నవి దుస్తులకంటే ఎక్కువ ప్రభావం చూపాయి.

దుస్తుల అభిమానులు దీనికి చెప్పే జవాబు కూడా వినాలి. కుక్క వేరు, జింక వేరు అంటారు. కుక్క వెతికేది మెచ్చుకోలు కోసం. జింక వెతకదు, భయపడుతుంది. వాసన పలచబడితే మనిషి దూరంగా ఉన్నాడనో, నిన్న వచ్చి వెళ్లాడనో అనుకుని ఇంకో నాలుగడుగులు ముందుకు వేయొచ్చు, విల్లుతో వేటాడేవాడికి ఆ నాలుగడుగులే కావాలి అంటారు. కొట్టిపారేయలేని వాదనే. దీన్ని తిప్పి కూడా చూడొచ్చు. కుక్క మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టాలి. జింకకి అంత శ్రమ లేదు. అనుమానం వస్తే చాలు, పారిపోతుంది.

మరి ఇన్నేళ్లుగా ఇంతమంది ఎందుకు కొంటున్నారు? తెలివితక్కువై కాదు. అడవిలో లెక్క తేలదు, అంతే. జింక దగ్గరికొస్తే 'చూశావా దుస్తుల మహిమ' అంటాం. రాకపోతే? గాలి మారిందనో, ఆ దారిన జింకలే లేవనో అనుకుంటాం. వాసన పసిగట్టి అల్లంత దూరం నుంచే వెనక్కి తిరిగిన జింక మనకు అసలు కనపడదు. కనపడని జింకని ఎవరు లెక్కపెడతారు? ఇంకో మాట. అంత డబ్బు పోసి దుస్తులు కొన్నవాడు వాసన లేని సబ్బుతో స్నానం చేస్తాడు, రబ్బరు బూట్లు వేస్తాడు, బట్టల్ని మూతపెట్టిన డబ్బాలో దాస్తాడు, గాలి చూసి కూర్చుంటాడు. జింక దొరికితే ఆ పేరు మాత్రం చొక్కాకే పోతుంది.

ఈమధ్య ఇంకో అడుగు ముందుకేసి ఓజోన్ యంత్రాలు వచ్చాయి. మంచె మీద తలపైన తగిలించుకుంటే ఓజోన్ వాయువు వాసనల్ని విరగ్గొడుతుందట. దీని విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఓజోన్ ఆకాశంలో పైన ఉంటే మనకు గొడుగు, ముక్కులోకి వెళితే ఊపిరితిత్తులకు మంట. ఆరోగ్యానికి హాని చేయనంత తక్కువ మోతాదులో అయితే అది గదిలోని కాలుష్యాన్ని పోగొట్టేది స్వల్పమేనని అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్లలో వాడే ఓజోన్ యంత్రాల గురించి ఏనాడో హెచ్చరించింది. ఉబ్బసం ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

పాతకాలపు వేటగాడు ఏం చేసేవాడు? గాలికి ఎదురుగా నడిచేవాడు. అప్పుడు వాసన జింక వైపు వెళ్లదు, వెనక్కి పోతుంది. ఇది పులికీ తెలిసిన విద్యే. జిమ్ కార్బెట్ 1944లో వచ్చిన తన కుమావూ నరభక్షకుల పుస్తకంలో ఓ తమాషా సంగతి రాశాడు. మనిషికి వాసన పసిగట్టే శక్తి లేదని పులికి తెలియదట. అందుకని మనిషిని వేటాడేటప్పుడు కూడా జింకని వేటాడినట్టే గాలికి ఎదురుగానే వస్తుందట. కార్బెట్ ఆ లెక్కతోనే ప్రమాదం ఏ దిక్కునుంచి రావచ్చో ఊహించి, ప్రాణాలు దక్కించుకునేవాడు.

అయితే గాలి ఒక్క దిక్కునే ఉండదు. చలికాలం సాయంత్రం మన పల్లెల్లో పొయ్యి పొగ పైకి లేవకుండా నేలబారుగా పరుచుకోవడం చూసే ఉంటారు. కొండల్లోనూ అంతే. పొద్దెక్కి వాలు వేడెక్కితే గాలి పైకి పాకుతుంది. పొద్దు వాలితే చల్లబడి నీళ్లలా లోయలోకి జారుతుంది. పొద్దున కొండ మీద కూర్చున్నవాడికి మంచిదైన చోటు, సాయంత్రానికి తన వాసనంతా కింద మేస్తున్న జింకలకి పంపించే చోటవుతుంది. దీనికి ఏ చొక్కా జవాబు చెప్పదు.

ఈ గాలి జాడ కనిపెట్టడానికి కొందరు పౌడరు సీసా నొక్కి చూస్తారు. అది నాలుగడుగుల్లోనే కలిసిపోతుంది. ముదుర్లు చాలామంది నమ్ముకునేది ఇంకొకటి ఉంది. అక్కడి పొలాల గట్ల మీద పెరిగే మిల్క్‌వీడ్ అనే మొక్క. పేరు కొత్తగా ఉన్నా మన జిల్లేడుకి దగ్గరి చుట్టమే. తుంచితే పాలు కారతాయి, కాయ పగిలితే గింజకో దూది గొడుగు. మంచె మీది నుంచి ఒక్క దూదిపింజ వదిలితే అది మెల్లగా తేలుతూ ఎక్కడ వంపు తిరుగుతుందో, ఏ చెట్టు దగ్గర కిందకి దిగుతుందో చాలా దూరం వరకు కంటికి కనిపిస్తుంది. వాసన వెళ్లే దారీ అదే. పింజ నేరుగా జింకల బాట వైపు వెళ్లిందంటే ఆ పూటకి మంచె దిగి ఇంకో చెట్టు చూసుకుంటారు. ఖర్చేమీ లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎండిన కాయ ఒకటి కోసి జేబులో వేసుకుంటే సీజనంతా వస్తుంది.