మనుమడి బల్ల మీది రేసు కారు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి ఈ పుట అంతా ఇవ్వవలసి వచ్చింది. రాసినది పల్లెటూరి పెద్దావిడ. కోతలయ్యాక కొండాపూర్‌లో కొడుకు ఇంట్లో ఇరవై రోజులు ఉండి వచ్చారట. కొడుకు సాఫ్టువేరు ఉద్యోగి. శనివారం రాత్రి భోజనాలయ్యాక అతడూ, పదకొండేళ్ల మనుమడూ బల్ల మీద పాత పేపరు పరచుకొని, ఎవరో అమెరికా నుండి తెచ్చిన ప్లాస్టిక్ కారు ముక్కలు అంటిస్తూ కూర్చుంటారట. అది పందెపు కారు, అందులోనూ యాభై ఏళ్ల కిందటి నమూనా. ఆమె బాధ డబ్బు గురించి కాదు.

"రెండేళ్ల కింద మా మరిది కొడుకు ఆ ఊళ్లోనే రాత్రిపూట స్నేహితులతో బైకు పందెం వేసుకొని వెళ్లి తిరిగి రాలేదు. మా ఇంట్లో మళ్లీ రేసు బొమ్మ చూస్తే నాకు అన్నం సహించలేదు. కొడుకును అడిగితే ఇది వేరే అమ్మా అన్నాడు. ఎట్లా వేరే?" అని రాశారు.

బొమ్మే గదమ్మా, పట్టించుకోకండి అని జవాబిస్తే ఆ తల్లి దుఃఖాన్ని తేలిక చేసినట్లే. కనుక అసలు ఆ కారు ఏమిటో చూద్దాం.

దాన్ని డ్రాగ్ రేసు కారు అంటారు. మలుపులు ఉండవు. తిన్నని బాట మీద రెండు కార్లు పక్కపక్కన నిలిచి, దీపం వెలగగానే దూకుతాయి. పాత లెక్క ప్రకారం దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు. ఈ కాలపు పెద్ద తరగతి కార్లు ఒక్క సెకను లోపే గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకొని, నాలుగు సెకన్లలో పరుగు ముగించేసరికి 500 దాటి ఉంటాయి. బ్రేకు ఒక్కటే చాలదు గనుక వెనుక గొడుగులాంటి పారాచూట్ విప్పుతారు.

ఈ పందెం పుట్టిన తీరు విన్నాక ఆ తల్లికి కాస్త ఊరట కలుగుతుందనుకుంటాను. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కాలిఫోర్నియాలో కుర్రవాళ్లు పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి ఊరి వీధులలోనే పందేలు వేసేవారు. మనుషులు చనిపోయేవారు. పోలీసులు తరిమితే మరో వీధికి పోయేవారు. వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు 1951లో ఒక జాతీయ సంఘం పెట్టి, వేగం కావాలంటే వీధి వదిలి బాట మీదికి రండి, ముందు బండి తనిఖీ చేయించుకోండి, శిరస్త్రాణం పెట్టుకోండి అన్నాడు. 1954 నుండి సంఘం మనుషులు ఒక బండి వేసుకొని ఊరూరా తిరిగి, వాడుకలో లేని విమానాల రన్‌వేల మీద పందెం ఎలా జరపాలో నేర్పారు. వీధిలో చనిపోయే పిల్లల కోసమే ఆ బాట వేశారు. మన ఐ.టి. రోడ్ల మీద అర్ధరాత్రి జరిగేది ఆ బాటకు ముందరి కథ.

బాట వేసినంత మాత్రాన చావు ఆగిందని చెప్పను. 2008 జూన్‌లో న్యూజెర్సీలో స్కాట్ కలిట్టా అనే పేరున్న డ్రైవరు ఇంజను పేలి, కారు ఆగక మరణించాడు. మరుసటి నెలలోనే పెద్ద తరగతి కార్లకు దూరాన్ని 1000 అడుగులకు తగ్గించారు. ఆ పందెంలో ప్రతి నియమం వెనుకా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

ఆ మనుమడు కడుతున్న బొమ్మలోనూ అలాంటి కథే ఉంది. పాత డ్రాగ్‌స్టర్ బొమ్మలో ఇంజను ముందు, మనిషి దాని వెనుక, వెనుక చక్రాల ఇరుసు కన్నా వెనక్కి కూర్చుంటాడు. దానికి వడిసెల అని పేరు. వడిసెలలో రాయి కూర్చున్నట్లు మనిషి కూర్చుంటాడు గనుక. 1970 మార్చిలో డాన్ గార్లిట్స్ అనే ప్రసిద్ధ డ్రైవరు నడుపుతూ ఉండగా కాళ్ల మధ్యనున్న గేరుపెట్టె పేలింది. కారు రెండు ముక్కలయింది, కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదనే ఆయన ఇంజనును మనిషి వెనుకకు మార్చే ఆలోచన చేశాడు. అంతకు ముందూ కొందరు ప్రయత్నించారు గాని ఆ కార్లు తిన్నగా పోయేవి కావు. గార్లిట్స్, ఆయన మనుషులు స్టీరింగును మొద్దుచేసి, అంటే ఎక్కువ తిప్పితే చక్రం తక్కువ తిరిగేలా చేసి, ఆ చిక్కు విప్పారు. 1971లో ఆ కారు గెలవడం మొదలుపెట్టింది. కొద్ది ఏళ్లలో ఆ తరగతిలో ముందు ఇంజను కారే లేకుండా పోయింది. ఈ రెండు రకాలకూ కిట్లు వచ్చాయి. వాటిని పక్కపక్కన కట్టిన పిల్లవాడు ఇంజను ఎందుకు వెనక్కి పోయింది నాన్నా అని అడగక మానడు.

బొమ్మల సంగతే వస్తే, 1970లో మాటెల్ బొమ్మల కంపెనీ ఇద్దరు డ్రైవర్లకు డబ్బిచ్చి వారి కార్ల బొమ్మలు అమ్మింది. ఒకరు డాన్ ప్రుడోమ్, ముద్దుపేరు పాము. రెండవవారు టామ్ మెక్‌యూయెన్, ముద్దుపేరు ముంగిస. పిల్లలకు వారు ఆజన్మ శత్రువులు, నిజానికి స్నేహితులే. 1978లో ముంగిస కొడుకు జేమీ రక్తపు క్యాన్సరుతో చనిపోయాడు. కొద్ది రోజులకే ఇండియానాపోలిస్ పెద్ద పందెం ఆఖరి పరుగులో తండ్రి పామును ఓడించాడు. రేసువాళ్ల ఇళ్లలోనూ కొడుకులు పోతారు. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు ముందు గుర్తుకు వచ్చింది ఇదే.

అందువల్ల కొడుకుగారికి నా మాట: "ఇది వేరే" అని ఊరుకుంటే చాలదు నాయనా. ఎట్లా వేరో చెప్పాలి. పారాచూట్ ముక్క అంటించేటప్పుడు అదెందుకో పిల్లవాడికి చెప్పు. ఆ బల్ల దగ్గరే మీ చిన్నాన్న కొడుకు పేరు కూడా ఎత్తు. రెండేళ్లుగా ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదనిపిస్తోంది, మీ అమ్మగారి ఉత్తరంలో కూడా లేదు. మనుమరాలు ఉంటే ఆమెకూ ఒక కుర్చీ వేయి. షర్లీ మల్డౌనీ అనే ఆమె 1977, 1980, 1982లలో పెద్ద తరగతి జాతీయ బహుమతి గెలిచింది.

ఇక అమ్మగారికి, ఆ పని పిల్లల ఆట అనుకోకండి. మన కొండపల్లి బొమ్మ చూశారు గదా. తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, అప్పుడు రంగు వేస్తారు. ఇదీ అదే వరుస. ముక్కలు అతికి, సందులలో మక్కులాంటి ముద్ద నింపి, ఆరాక సన్నని గరుకు కాగితంతో తడిపి రుద్ది, అడుగు రంగు వేసి, తరువాత అసలు రంగు. ఒక్కో పొర ఆరే దాకా ఆగాలి. పందెం నాలుగు సెకన్లు, బొమ్మకు నాలుగు నెలలు.

అమెరికాలో ఏ.ఎం.టి. అనే కంపెనీ 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకొనే కిట్లు తెచ్చింది. ఉన్నది ఉన్నట్లుగానో, సొంత సోకులతోనో, పందెపు కారుగానో కట్టవచ్చు. మిగిలిన ముక్కలు పారేయరు, డబ్బాలో దాచి మరో కారుకు వాడతారు. మన ఇళ్లలో గుండీల డబ్బా లాంటిదే. ఎక్కువ కిట్లు అసలు కారులో 25వ వంతు. ఇప్పటి పొడవాటి డ్రాగ్‌స్టర్‌లో ముందు చక్రాల నుండి వెనుక చక్రాలకు 25 అడుగులు, బొమ్మలో సరిగ్గా ఒక అడుగు. పాత కిట్లకు మంచి ధర పలుకుతుంది, కాని రౌండ్ 2 అనే కంపెనీ పాత నమూనాలనే మళ్లీ అచ్చు వేస్తోంది గనుక పెట్టె మీద మోజు లేనివారు వాటితో సరిపెట్టుకోవచ్చు.

పాత పెట్టె దొరికితే ముందుగా టైర్లు విడిగా తీసి పెట్టాలి. ఆ కాలపు మెత్తని టైరు ఏళ్ల తరబడి గట్టి ప్లాస్టిక్‌కు ఆని ఉంటే దాన్ని తినేస్తుంది, గుంట పడుతుంది. పసుపెక్కిన స్టిక్కర్ల కాగితాన్ని కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించి కొన్నాళ్లు ఎండ తగలనిస్తే తెలుపు వస్తుంది. మెరుపు పూత ఉన్న ముక్కను అతికే చోట గీకాలి, లేకపోతే నిలవదు.

జిగురు సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. ఇది బంక కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేసే మందు, ఘాటైన ఆవిరి వస్తుంది. 1960లలో అమెరికా పిల్లలు కొందరు ఆ వాసన పీల్చడానికి బానిసలయ్యారు. 1969లో టెస్టర్స్ కంపెనీ తన జిగురులో ఆవ ఘాటు కలిపింది, పీలిస్తే ముక్కు మండేలాగ. కనుక ఫ్లాటులో ఏ.సి. వేసుకొని తలుపులు బిగించి ఈ పని చేయరాదు. కిటికీలు తీయాలి, ఫ్యాను గాలి బయటికి పోవాలి, జిగురు సీసా తండ్రి చేతిలోనే ఉండాలి. స్ప్రే రంగు బాల్కనీలో, ముక్కుకు మాస్కు కట్టుకొని.

ఇంజనుకు సన్నని వైర్లు కావాలంటే ముక్కలు విరిచాక మిగిలే ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి మంట పైన, తగలకుండా, తిప్పుతూ మెత్తబరచి, మంట నుండి తీసి రెండు వైపులా మెల్లగా లాగాలి. వెంట్రుక అంత దారం వస్తుంది. గబుక్కున లాగితే తెగుతుంది. జిగురు సీసా ఆ దరిదాపుల్లో ఉండకూడదు, అది అంటుకుంటుంది.