చిన్న దేవాలయమునకు దీపములను నడపు సాఫ్టువేరు

ఒకప్పుడు కేబినులో నొకడు మీట లాగినంతనే దూరమందలి సిగ్నలు చేయి వ్రాలెడిది. నడుమ తీగె యుండెడిది. బిట్రగుంట రైల్వే పిల్లలకు దీనిని వేరుగ బోధింప బనిలేదు. నేటి రంగస్థల దీపముల యేర్పాటును నట్టిదే. మీట స్థానమున కంప్యూటరును, తీగెపై డి.యం.యక్స్. 512 అను సంకేతపద్ధతియు వచ్చినవి. అమెరికాదేశపు రంగస్థల సాంకేతికుల సంఘ మొకటి 1986వ సంవత్సరమున నేర్పరచిన యీ పద్ధతిలో నొక్క తీగెపై 512 మార్గములు గలవు. ఒక్కొక్క మార్గమున 0 మొదలు 255 వఱకు నొక సంఖ్య పోవును. దానినిబట్టి దీపకాంతి హెచ్చును, తగ్గును.

క్రిస్మసు నాటకమునకై దీపములు కొనదలచిన చిన్న సంఘములవారు మొట్టమొదట, ఏ సాఫ్టువేరు గొప్పదని యడుగుదురు. ఈ ప్రశ్న సరియైనది కాదని మా యభిప్రాయము. ఏడేసి మార్గములుగల యల్.ఇ.డి. దీపము లారున్నచో లెక్క 42 మాత్రమే. వేల మార్గములు నడుపు ఖరీదైన సరకు పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. దాని దొంగప్రతిని దేవాలయములో వాడుట యెంతటి తగని పనియో చెప్పనక్కఱలేదు.

అడుగవలసినది, నడపువా రెవరని. సాధారణముగ నుత్సాహవంతుడైన యువకు డొకడు అంతయు తానే నేర్చి తానే నడపును. జూను మాసమున నతడు నెల్లూరికో చెన్నపట్టణమునకో చదువునకు బోవును. డిసెంబరులో నా పెట్టె తెరచువారుండరు. కూలిజనులు కానుకలసంచిలో వేసిన రూపాయలతో కొన్న వస్తువు దుమ్ము పట్టియుండుట మాకు సమ్మతము కాదు.

కావున మేము క్యూ.యల్.సి. ప్లస్ అనుదానిని మెచ్చుచున్నాము. అది యుచితము, దాని మూలమును బహిరంగమే. విండోసు, మాక్, లినక్సు మూడింటిపైనను నడచును. ఫ్రీస్టైలరు నుచితమే గాని, విండోసునకు మాత్రమే. క్యూ.యల్.సి. ప్లస్‌లో వర్చువల్ కన్సోల్ అను పుట గలదు. అందు ప్రసంగము, పాట, నాటకము, ఆర్పుట అని నాలుగు పెద్ద బొత్తాములు పెట్టినచో సండేస్కూలు బాలికయైనను నడపగలదు.

మిగిలిన సొమ్ము కంప్యూటరునకును తీగెకును నడుమనుండు పెట్టెపై వెచ్చింపవలెను. చవుక పెట్టెలలో ప్రాసెసరుండదు. సంకేతమును కంప్యూటరే క్షణక్షణము తయారుచేసి పంపవలెను. అది వేఱొక పనిలో బడిన దీపములు రెపరెపలాడును, గొల్లల ముఖములు నడుమ చీకటిపాలగును. మైక్రోఫోను తీగె వాడరాదు. దీపముల వరుస చివర 120 ఓముల నిరోధక ముంచవలెను.

సభవారి దీపములను మాత్రము గోడస్విచ్చికే విడువుడని మా మనవి. ఇటీవల కొన్నిచోట్ల సభను చీకటిలో నుంచి వేదికపై రంగులు త్రిప్పుట వాడుకయైనది. పాటలపుస్తకము కన్నులకు దగ్గఱగ బట్టి చదువుకొను అవ్వ యేమి కావలెను? పెట్రోమాక్సు వెలుగున నామెకు అక్షరములు కనబడెడివి గదా.

ఈ క్రిస్మసునకు బొత్తాముల పని ముగ్గురికి నేర్పుడు. వారిలో నొకరైనను ఎనిమిదవ తరగతివారై యుండవలెను.