మనసుకు కరకట్ట

2024 సెప్టెంబరు 2వ తేదీన విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు ఉరికింది. ఆ బ్యారేజీ చరిత్రలో అంతటి ప్రవాహం మునుపెన్నడూ నమోదు కాలేదు. అంతకు ముందే నగరానికి ఉత్తరాన బుడమేరు పొంగి, దాని మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి పల్లపు ప్రాంతాలు నీట మునిగాయి. రాత్రి నిద్రపోయిన కుటుంబాలు తెల్లవారేసరికి మేడల మీద నిలబడి పడవల కోసం ఎదురుచూశాయి. సైన్యం తోడ్పాటుతో గండ్లు పూడ్చేవరకు రోజుల తరబడి ఆ నీరు కదలలేదు.

నీరు తీసిన తరువాత మిగిలినది బురద. పాడైన బియ్యం, తడిసిన పుస్తకాలు, పనిచేయని యంత్రాలు, చెడిపోయిన ఆటోలు వీధుల నిండా కనిపించాయి. అయినా కొద్ది రోజులలోనే ఆ వీధులలో టిఫిను బండ్లు వెలిశాయి. కుట్టుమిషన్లు మరమ్మతుకు వెళ్లాయి. పిల్లలు ఆరబెట్టిన పుస్తకాలతో బడిబాట పట్టారు. నష్టం అందరికీ కలిగింది. కాని కొందరు త్వరగా లేచి నిలబడగలిగారు, మరికొందరు చాలాకాలం కుంగిపోయారు. ఈ తేడాకు డబ్బు ఒక కారణమనడంలో సందేహం లేదు. అయితే డబ్బు మాత్రమే కారణం కాదు. దెబ్బ తిన్న మనిషిని తిరిగి నిలబెట్టే లోపలి శక్తి ఒకటుంది. దానినే మనోస్థైర్యమంటారు.

స్థైర్యం పుట్టుకతో వచ్చే వరమని పలువురు భావిస్తారు. ఆపద వచ్చినప్పుడు అదే పుట్టుకొస్తుందని మరికొందరు నమ్ముతారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. కృష్ణా డెల్టా రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. కరకట్టను వరద రోజున కట్టరు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీస్తారు, గట్లకు మట్టి పోస్తారు, ఎలుక బొరియలు పూడుస్తారు. ఆనాటి శ్రమ ఎవరి కంటా పడదు. వరద వచ్చిన రాత్రి మాత్రమే దాని విలువ తెలుస్తుంది. మనసుకు కట్టుకొనే కట్ట కూడా అటువంటిదే.

డెల్టా చరిత్రయే ఇందుకు సాక్ష్యం. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్రామాలకు గ్రామాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ విషాదం నుండి ప్రజలు, ప్రభుత్వం పాఠం నేర్చుకున్నారు. తీరం వెంట తుఫాను రక్షిత భవనాలు వెలిశాయి. హెచ్చరికలు అందించే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. 1990 మే 9న మరొక పెనుతుఫాను అదే తీరాన్ని తాకినప్పుడు పెద్ద సంఖ్యలో ప్రజలను ముందుగానే తరలించారు. అప్పుడు కూడా దాదాపు వెయ్యిమంది మరణించారు. ఆ సంఖ్య చిన్నది కాదు. కాని పదమూడేళ్ల నాటి మహావిషాదంతో పోల్చినప్పుడు ముందుచూపు ఎన్ని ప్రాణాలు కాపాడిందో అర్థమవుతుంది.

మనసు కట్టకు మొదటి మట్టి దినచర్య. విజయవాడ వన్ టౌన్‌లో సూర్యోదయానికి ముందే జీవితం మొదలవుతుంది. కాళేశ్వరరావు మార్కెట్టులో కూరగాయల బస్తాలు దిగుతాయి. ముఠా కార్మికులు తలగుడ్డలు చుట్టుకుంటారు. దుర్గాఘాట్‌లో భక్తులు స్నానాలు చేస్తారు. మసీదుల నుండి అజాన్ వినిపిస్తుంది. కొండ వాలు ఇళ్లలోని ఇల్లాళ్లు మెట్లు దిగి, సరుకులతో మళ్లీ మెట్లెక్కుతారు. ఈ పనులలో గొప్పతనమేమీ కనిపించదు. కాని నిన్న ఎంతటి దుఃఖం కలిగినా నేడు చేయవలసిన పని ఒకటుండడం మనిషికి పెద్ద ఆసరా. ఆలోచన తోచని వేళ అలవాటు చేయి పట్టుకొని నడిపిస్తుంది. వేళకు నిద్ర, వేళకు భోజనం, కొంత నడక, నాలుగు పుటల చదువు, ఇంటి పనిలో ఒకటి తన వంతుగా చేయడం - ఇవి చిన్నవే. కష్టకాలంలో వీటిని కొత్తగా ప్రారంభించడం మాత్రం కష్టం. అందుకే సుఖంగా ఉన్న రోజులలోనే వీటిని అలవరచుకోవాలి.

రెండవది కుటుంబం. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరులు హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల జీవితాలను దశాబ్దాల పాటు పరిశీలించారు. వారిలో సుమారు మూడవ వంతు పిల్లలు పేదరికం, ఇంటిలో కలహాలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి ఇబ్బందుల నడుమ పెరిగారు. అటువంటివారిలో కూడా మూడింట ఒక వంతు మంది ఆత్మవిశ్వాసం గల, బాధ్యతాయుతమైన వ్యక్తులుగా ఎదిగారు. వారి జీవితాలలో కొన్ని సామాన్య లక్షణాలు కనిపించాయి. తమను నిండు మనసుతో ఆదరించిన పెద్ద ఒకరైనా వారికి ఉన్నారు. ఆ పెద్ద తల్లిదండ్రులే కానక్కరలేదు. అమ్మమ్మ, తాతయ్య, ఉపాధ్యాయుడు - ఎవరైనా కావచ్చు. ఇంటికి ఉపయోగపడే పని ఏదో ఒకటి వారు చేశారు. జీవితానికి అర్థముందన్న విశ్వాసం వారికి తోడుగా నిలిచింది.

ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలోని దీవిలో తేలిన ఈ విషయం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. వన్ టౌన్ ఇరుకు సందులలో దుకాణం కింద, కాపురం పైన ఉండే ఇళ్లు అనేకం. అక్కడ బడి నుండి వచ్చిన పిల్లవాడు తండ్రి భోజనం చేసి వచ్చేవరకు దుకాణంలో కూర్చుంటాడు. వ్యాపారంలో నష్టం వచ్చిన సంగతి, అప్పు తీర్చిన సంగతి వాడికి తెలియకుండా పోవు. పడడం, లేవడం రెండూ జీవితంలో భాగమేనని వాడు చూసి నేర్చుకుంటాడు. కష్టమంటే తెలియకుండా పెంచాలనుకునే తల్లిదండ్రులు పిల్లలకు ఈ చదువును దూరం చేస్తున్నారు. పని చెప్పకుండా పెంచడం ప్రేమ కాదు. ఆ ఇంటికి తాను అవసరమన్న భావన పిల్లలకు కలిగించడమే నిజమైన ప్రేమ.

మూడవది విశ్వాసం. ఇంద్రకీలాద్రిపై కొలువైన కనకదుర్గమ్మ పేరున భవానీ దీక్ష స్వీకరించేవారు మండలకాలం ఎర్రని వస్త్రాలు ధరిస్తారు. వేకువనే చన్నీటి స్నానం చేస్తారు. నేలపై నిద్రిస్తారు. రంజాన్ మాసంలో ముస్లిములు పగలంతా మంచినీళ్లయినా ముట్టరు. గుణదల మాత ఉత్సవాలకు క్రైస్తవులతో పాటు ఇతరులు కూడా దూర ప్రాంతాల నుండి తరలివస్తారు. మార్గాలు వేరైనా వీటన్నింటిలో ఒక శిక్షణ ఉంది. కోరికను వాయిదా వేయడం, అసౌకర్యాన్ని ఓర్చుకోవడం, తనకంటె పెద్దదైన దానికి తలవంచడం మనిషి అక్కడ నేర్చుకుంటాడు. దేవుని నమ్మనివారికి ఈ బలం దక్కదా అంటే దానికి కూడా ఈ నగరమే సమాధానం చెబుతుంది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు తరలివచ్చింది. దివిసీమ ఉప్పెన తరువాత బాధితుల సేవలో రామకృష్ణ మిషన్ సన్యాసులూ ఉన్నారు, నాస్తిక కేంద్రం కార్యకర్తలూ ఉన్నారు. ఒకరిది దైవవిశ్వాసం, మరొకరిది మానవునిపై విశ్వాసం. బురదలో కూరుకుపోయిన మనిషికి అందిన చేయి మాత్రం ఒక్కటే.

అయితే ఈ మూడింటికీ హద్దులున్నాయి. విశ్వాసం పేరుతో అంతా తలరాత అని చేతులు ముడుచుకుంటే అది స్థైర్యం కాదు, సోమరితనం. తుఫాను హెచ్చరిక విన్న తరువాత ప్రార్థన చేయవచ్చు, కాని సురక్షిత ప్రాంతానికి కూడా చేరుకోవాలి. పరువు కోసం బాధను దాచుకొమ్మని చెప్పే కుటుంబం ఆసరా కాదు, అదనపు బరువు. దినచర్య పేరుతో తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి వరకు విద్యార్థిని పుస్తకానికి కట్టివేయడం అలవాటు కాదు, హింస. ప్రజలు ధైర్యవంతులని పొగిడి ప్రభుత్వాలు తమ బాధ్యతను మరువరాదు. బుడమేరు గట్లు పటిష్ఠంగా ఉంచవలసినది పాలకులు. కాలువ దారిని ఆక్రమించకుండా ఉండవలసినది పౌరులు. మనోస్థైర్యం మట్టికట్టకు ప్రత్యామ్నాయం కాజాలదు. రెండూ కావలసినవే.

ఈ మాటలు ఇంటర్మీడియట్ విద్యార్థులకు అన్నింటికంటె ఎక్కువగా వర్తిస్తాయి. వారికి వచ్చే వరద నది నుండి రాదు, ఫలితాల పట్టిక నుండి వస్తుంది. ఫలితాలు వెలువడిన రోజులలో కొందరు పిల్లలు నిరాశకు లోనై కన్నవారికి తీరని శోకం మిగిల్చిన సంఘటనలు తెలుగు నేలపై పదేపదే జరిగాయి. ఆ విషాదానికి పిల్లల బలహీనత కారణమని తేల్చివేయడం అన్యాయం. మార్కులే మనిషి విలువ అని వారికి నేర్పినవారందరికీ అందులో భాగముంది. తప్పిన పరీక్షను కొద్ది వారాలలోనే తిరిగి వ్రాయవచ్చు. ఆ కొద్ది వారాలను దాటించగల మాట ఒకటి ఇంటిలో వినిపించాలి. "మార్కులెన్ని?" అన్న ప్రశ్నకు ముందు "అన్నం తిన్నావా?" అన్న ప్రశ్న రావాలి.

ఇంటిలో చెప్పుకోలేని బాధ అయితే ఉపాధ్యాయునితో చెప్పుకోవాలి, మిత్రునితో చెప్పుకోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సహాయం కోరడం పిరికితనమని భావించేవారు 2024 వరదలో మేడల మీద నిలబడినవారిని తలచుకోవాలి. వారు చేతులెత్తి పిలిచారు కాబట్టే పడవలు వారి వద్దకు చేరాయి. పిలవడం కూడా ధైర్యమే.

ఆ ఏడాది వరద తగ్గిన నెల తిరగకముందే, అక్టోబరు 3న ఇంద్రకీలాద్రిపై దసరా ఉత్సవాలు ప్రారంభమయ్యాయి. వన్ టౌన్ వీధులు యథాప్రకారం జనసందోహంతో నిండిపోయాయి. నష్టాలన్నీ తీరాయని దీని అర్థం కాదు. ఎన్నో ఇళ్లకు ఆ నష్టం ఏళ్ల తరబడి వెన్నంటే ఉంటుంది. అయినా తెల్లవారుజామున దుకాణం తలుపు తెరవడం, పక్కింటివారిని పలకరించడం, దీపం వెలిగించడం ఆగలేదు. వరదలు మళ్లీ రావచ్చు. అవి ఎప్పుడు వస్తాయన్నది మనిషి చేతిలో లేదు. రోజూ తన కట్ట మీద ఒక తట్ట మట్టి పోసుకోవడం మాత్రం ప్రతి ఒక్కరి చేతిలోనే ఉంది.