దోబోష్ కేకు, పెద్దత్తయ్య పులిహోర

హంగేరీ వాళ్ళ దోబోష్ కేకు చేశారా ఎప్పుడైనా? పల్చటి స్పాంజి పొరలు ఆరు, మధ్యలో చాక్లెట్ బటర్‌క్రీమ్, పైన అద్దంలా మెరిసే పంచదార పాకం. యోజెఫ్ దోబోష్ అనే ఆయన 1885లో బుడాపెస్ట్ ప్రదర్శనలో పెట్టాడు. ఫ్రిజ్‌లు లేని రోజులు కదా, కొన్నాళ్ళు పాడవకుండా ఉండే కేకు కావాలనుకున్నాడు. ఆ గట్టి పాకం పై పొర ఆరిపోకుండా కాపాడుతుంది.

ఇరవై ఏళ్ళకు పైగా కొలతలు బయటపెట్టలేదు. 1906లో మాత్రం బుడాపెస్ట్ మిఠాయివాళ్ళ సంఘానికి ఇచ్చేశాడు, అందరూ చేసుకోండని.

ఇది చదివినప్పుడు మా పెద్దత్తయ్యే గుర్తొచ్చారు. పులిహోరలో ఇంగువ ఎంత అని అడిగితే "చేతికొచ్చినంత" అని నవ్వేసేవారు. అందరూ ఆవిడది పిసినారితనం అన్నారు. నేను ఒప్పుకోను. దోబోష్ కొలతలు ఇచ్చేసినా కేకు మీద ఆయన పేరు మిగిలింది. మన ఆడవాళ్ళు కొలత చెప్పిన మర్నాటికే అది "మా ఇంటి వంట" అయిపోతుంది, పేరు గాల్లో కలిసిపోతుంది. ఇక దాచుకోక ఏం చేస్తారు? పిల్లలకు వంట నేర్పేటప్పుడు ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరు పెట్టి చెప్పాలంటాను. అప్పుడు దాచే అవసరమే రాదు.

సరే, కేకు సంగతి. ఆరు గుడ్లు. పచ్చసొనలు 50 గ్రాముల పంచదార పొడితో, తెల్లసొనలు ఇంకో 50 గ్రాములతో విడివిడిగా గిలక్కొట్టి, 100 గ్రాముల మైదా, 35 గ్రాముల కరిగిన వెన్న కలపాలి. లావు కేకు చేసి అడ్డంగా కోస్తే సరిపోదండీ. కాగితం మీద 22 సెంటీమీటర్ల గుండ్రంగా పరిచి, ఒక్కో పొరా విడిగా కాల్చాల్సిందే. నిమిషాల్లో అయిపోతుంది, పక్కకి కదలకూడదు.

పాకమే అసలు పరీక్ష. నీళ్ళు లేకుండా సన్నసెగ మీద తేనెరంగు వచ్చేదాకా కరిగించి, ఆరో పొర మీద పోసి, వెన్న రాసిన చాకుతో వెంటనే ముక్కలుగా గీసేయాలి. ఫ్యాను ఆపేయండి, లేకపోతే గీసేలోపే గట్టిపడుతుంది. వానాకాలంలో వద్దు, తేమకి పాకం జిగురైపోతుంది. ఎండాకాలం క్రీమ్ నిలవదు. మనకి డిసెంబరు, జనవరే.